పడవ ముక్కు మీద కొబ్బరికాయ

ఇబ్రహీంపట్నం చెరువు నడిమధ్యలో మునిగిపోబోయిన మనిషిని నేను ఒకే ఒక్క కొబ్బరికాయతో కాపాడాను. నాకు ఈత రాదు. తాడు విసరలేదు, కర్ర అందించలేదు. కొబ్బరికాయ, అంతే. ఈ సంగతి బస్టాండు ముందు చాయ్ హోటల్లో చెప్పాను, పెళ్లి బంతుల్లో చెప్పాను, కంటి ఆపరేషన్‌కు పోయినప్పుడు పక్క మంచం మీదున్న పెద్దమనిషికీ చెప్పాను. ఆయన ఒక కంటికి పట్టీతోనే లేచి కూర్చుని, కాయ పీచుతో ఉన్నదా, ఒలిచినదా అని అడిగాడు. అంత నిమ్మళంగా వినేవాడు దొరికితే అబద్ధం నిలబడదు. అందుకే మొదటినుంచి చెబుతాను.

మునగబోయిన ఆ మనిషి మా పక్కింటి సారు. గోదావరి జిల్లాలో పుట్టి, ఇటువైపు బడుల్లో లెక్కలు చెప్పి, మా కాలనీలోనే ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, కారు పెట్టుకునే షెడ్డులో ప్లైవుడ్‌తో పడవ చేయడం మొదలుపెట్టారు. కారు లేదు కాబట్టి షెడ్డు ఖాళీగానే ఉండేది. ఇద్దరు పట్టేంత పడవ, దానికొక స్తంభం, తెరచాప. తెరచాపను సారు భార్య తన కుట్టుమిషను మీద కుట్టింది. ఆమె ఎన్నడూ ఎవరికీ పాఠం చెప్పలేదు గానీ కాలనీలో అందరూ ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు.

ఆ రోజుల్లో మా చెరువులో నీళ్లు లేవు. గొర్లు మేసేవి, పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు. ఊళ్లో నీళ్లు లేకుండా పడవ చేస్తున్న మనిషిని చూసి నవ్వకుండా ఉండటం నా వల్ల కాలేదు. దీనికి నాలుగు చక్రాలు పెట్టించుండ్రి సారూ, మీర్‌పేట దాక పోయి రావచ్చు అన్నాను. సారు నవ్వి చెక్క రుద్దుకుంటూ పోయారు. పడవ పూర్తయింది. ముక్కు కొంచెం కిందికి ఉండేలా ఇటుకల మీద పెట్టి, పైన తార్పాలిన్ కప్పారు. షెడ్డు రేకులు కారుతుండగా, అట్లాగే దాని మీద వానాకాలాలు దాటిపోయాయి.

తర్వాత ఒక ఏడు వాన పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. వాగులన్నీ పొంగి చెరువు నిండింది, అలుగు దుంకింది. ఊరంతా కట్ట మీదికి వచ్చింది. నేనూ పోయాను. గొర్లు మేసిన చోట, పిల్లలు వికెట్లు పాతిన చోట, అవతలి గుట్టల దాకా నీళ్లే. చిన్నప్పటి నుంచి తెలిసిన చోటే, కానీ అక్కడ నిలబడితే ఎవరో మన ఇంట్లోకి చెప్పకుండా వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. పక్కనే సారు నిలబడి ఉన్నారు. నా మణికట్టు పట్టుకున్నారు. లెక్కల మాస్టారి వేళ్లు, సుద్దముక్క పట్టి పట్టి గట్టిపడ్డవి, నా చేతి మీద అచ్చులు పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు అసలు సంగతి చెప్పారు. టీచరమ్మ మోకాళ్లు ఇక మెట్లకూ గడపలకూ పనికిరావని డాక్టరు చెప్పాడు. మీర్‌పేటలో కూతురింటికి దగ్గరగా, లిఫ్టు ఉన్న చోట ఫ్లాటు తీసుకున్నారు. ఈ ఇల్లు అమ్మేశారు. కార్తీకం దాటగానే ఖాళీ చేయాలి. కొన్నాయన వచ్చి షెడ్డు చూసి, ఈ కట్టెలెందుకు, పొయ్యిలకు కొట్టుకుంటం అన్నాడట.

"మూడో అంతస్తులో పడవ పెట్టుకోలేం కదండీ అన్నగారూ. ఇన్నేళ్లూ నీళ్లు లేవు. ఇప్పుడు నీళ్లొచ్చాయి, ఇల్లు లేదు. ఒక్కసారి దాన్ని నీళ్ల మీద నడిపించి చూసుకుంటే చాలు. ఆ తర్వాత పొయ్యిలో పెట్టుకోమనండి."

ఇంత మెల్లగా చెప్పిన మాటకు ఎవరైనా కరిగిపోతారు. నేను మరీ ఎక్కువగా కరిగిపోయి, పడవ అడుగు సంగతి నాకు వదిలిపెట్టుండ్రి సారూ అన్నాను. సారుకు నడుము నొప్పి, వంగలేరు. నాకేమో వంగడమే బతుకు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల హైవే పక్కన బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో జీవితమంతా పుట్టీ పెట్టి రంగులు కొట్టాను. కండ్లు మూసుకుని అరచేయి పెట్టి నిమిరితే, రేకులో సొట్ట ఎక్కడుందో చెబుతాను. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.

నలుగురం కలిసి పడవను బోర్లించాం. నేనూ, సారూ, నా భార్యా. టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఎటు పట్టుకోవాలో చెప్పింది. పడవ అడుగు కనబడగానే నా భార్య రెండడుగులు వెనక్కి వేసింది. అది పడవ అడుగులా లేదు, పాడుబడ్డ బావి లోపలి గోడలా ఉంది. పచ్చటి పాచి, దాని మీద నల్లటి పాచి. మూలల్లో కందిరీగల మట్టిగూళ్లు. తెల్లగా చిన్న చిన్న బల్లిగుడ్లు వరసగా అతికి ఉన్నాయి. ఇంటి నడిమధ్య, మనుషులు తిరిగే షెడ్డులో, ఒక గుడ్డ కింద ఇంత బతుకు నడుస్తున్నదని మాకెవరికీ తెలియదు. సారు తాను చేసిన పడవనే గుర్తుపట్టలేనట్టు చూస్తూ నిలబడ్డారు.

పని మొదలుపెట్టాను. బోరు నీళ్లు పైపుతో కొట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, మొండి పాచిని రేకుతో గీకాను. తర్వాత వాటర్ పేపర్ అనే గరుకు కాగితం తడిపి అడుగంతా రుద్దాను. పాత రంగు పాలలా కారింది. పొద్దున చాయ్ తాగి కూర్చుంటే ఎండ నెత్తికెక్కేదాకా అదే పని. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఒక చోట గీకే రేకు కొంచెం లోపలికి దిగింది. అరచేయి పెట్టాను. మెత్తగా తగిలింది.

ఇక్కడ నా చేతి అలవాటు గురించి చెప్పాలి. బస్సుకు తుప్పు పట్టి బొక్క పడితే మా షెడ్డులో ఏం చేసేవాళ్లం? రేకు మార్చాలంటే రోజులు పడుతుంది, ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. బొక్కలో పుట్టీ కుక్కి, ఆరనిచ్చి, రుద్ది, రంగు కొడితే కొత్త బస్సు. నా చేయి అదే చేసింది. మెదడును అడగలేదు. పుట్టీ కలిపాను, కుక్కాను, రుద్దాను. ముక్కు అద్దంలా తయారైంది. సారు వచ్చి నిమిరి చూసి, అన్నగారూ మీ చేయి బంగారం అన్నారు. నేను కాదనలేదు.

రంగు సారు తెలుపు కావాలన్నారు. నా దగ్గర మిగిలింది ఎరుపు. అడుగుకు ఎరుపు కొట్టి, పైన తెల్లటి పట్టీ గీశాను. చేయి ఊరుకోక, వెనక భాగాన మంచి అక్షరాలతో "ఫుట్‌బోర్డుపై నిలబడరాదు" అని రాశాను. టీచరమ్మ దాన్ని చదివి, మోకాళ్లు పట్టుకుని నవ్వింది.

దసరా పోయిన తర్వాతి వారం, ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి పడవను ఎక్కించుకుని చెరువుకు పోయాం. చేపలు పట్టేవాళ్లు వచ్చి చూసి, మా వలల దిక్కు రాకుండ్రి అని మాత్రం చెప్పి పోయారు. సారు నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, పెళ్లికొడుకులా నిలబడ్డారు. అక్కడ నా భార్య సంచిలోంచి నిమ్మకాయలు తీసింది. వీటిని ఏ చక్రాల కింద పెట్టాలె అని అడిగింది. పడవకు చక్రాలు లేవాయె. ట్రాలీ చక్రాల కింద పెట్టించాను. తర్వాత పసుపు, కుంకుమ, కొబ్బరికాయ.

కాయ కొట్టడానికి రాయి లేదు. చెరువు నిండి గట్టు నానిపోయి, కాలు పెడితే మడమ దిగుతోంది. ఒకసారి నేల మీద కొట్టాను. కాయ బురదలో సగం దిగి, చెక్కుచెదరకుండా నన్ను చూసింది.

"ట్రాలీ ఇనుము మీద కొట్టరాదూ?" అంది నా భార్య.

ఆ మాట వినుంటే ఈ కథే లేదు. కానీ నేను బస్సుల మనిషిని. కొత్త బస్సు బయటికి పోతుంటే కాయను బంపరు మీదే కొట్టేవాళ్లం. బండికి కొట్టే కాయ బండి మీదే పగలాలి. ట్రాలీ మీద కొడితే పుణ్యం ట్రాక్టరోడికి పోతుంది. అందుకని కడిగిన కాయను పైకెత్తి, దండం పెట్టుకుని, పడవ ముక్కు మీద గట్టిగా కొట్టాను.

కాయ పగల్లేదు. పడవ పగిలింది.

టప్ మని శబ్దం కూడా రాలేదు. తడి అట్టపెట్టెను గుద్దినట్టు, మెత్తని చప్పుడు. చేయి తీసుకున్నాను, చేతిలో కాయ లేదు. కాయ పడవ ముక్కులో కూర్చుని ఉంది. పిలక బయటికి పెట్టి, మూడు కండ్లతో, బొట్టుతో. మేమంతా దాని వైపు చూశాం. అది మా వైపు చూసింది. ఎవరూ కదల్లేదు. ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపేశాడు.

కాయ చుట్టూ నా పుట్టీ పెచ్చులుగా ఊడింది. దాని వెనక నుంచి నల్లటి నీళ్లు కారాయి. తర్వాత ఎర్రటి రోకలిబండ పురుగు ఒకటి బయటికి వచ్చి, నా తెల్ల పట్టీ మీదుగా నిదానంగా నడిచి, అవతలికి దిగిపోయింది. దాని వెనక ఇంకొకటి. సారు దగ్గరికి వచ్చి, కాయను పక్కకు లాగి, ఆ బొక్కలో వేలు పెట్టారు. ప్లైవుడ్ తడిసిన కాఫీపొడిలా వేలికి అంటుకుని వచ్చింది. ఇన్నేళ్ల వాననీళ్లన్నీ ముక్కులోకి దిగి, అక్కడే నిలిచి, చెక్కను లోపలినుంచి తినేశాయి. బయట మాత్రం నా ఎరుపు నిగనిగలాడుతోంది.

చెరువు నడిమధ్యలో అన్నాను కదా మొదట్లో. అది అబద్ధం. పడవ అప్పటికి నీళ్లను తాకనే లేదు, ట్రాలీ మీద గడ్డిలో ఉంది. కాపాడాలని కొట్టిన కాయ కూడా కాదు, పొగరుకు కొట్టిన కాయ. మునిగిపోబోయారన్నది మాత్రం నిజం. ఇంకొక పది నిమిషాలకు సారు ఆ పడవలో లోతుకు పోయి ఉండేవారు. ఆ మాట నాకు గట్టు మీద నిలబడ్డప్పుడే తట్టింది. ట్రాలీని గట్టిగా పట్టుకున్నాను.

సారు వేలు తుడుచుకున్నారు. ఆయన గొంతులో కోపం లేదు. క్లాసులో తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ని అడిగినట్టు అడిగారు.

"పుట్టీ పెట్టేటప్పుడు మెత్తగా తగల్లేదా అన్నగారూ?"

"తగిలింది సారు."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. కోప్పడితే ఎట్లా తప్పించుకోవాలో నాకు తెలుసు. ఊరుకున్న మనిషిని ఏం చేయాలో తెలియదు.

ఇంటికి తెచ్చి మళ్లీ బోర్లించాం. రెండు రోజులు సారు షెడ్డు వైపు రాలేదు. కొన్నాయనకు ఫోను చేసి, కట్టెలు తీసుకుపొమ్మని చెప్పబోయారట. టీచరమ్మ ఫోను లాక్కుందట. "తెరచాప నేను కుట్టాను. నా గుడ్డ గాలి చూడకుండా మీర్‌పేట రాను," అందని నా భార్య వచ్చి చెప్పింది. చెప్పి, నువ్వేం చేస్తవ్ మరి అన్నట్టు నా వైపు చూసింది.

నేను పోయి రంగు గీకడం మొదలుపెట్టాను. నేను కొట్టిన రంగు, నేను పెట్టిన పుట్టీ, అంతా. గీకుడు చప్పుడు విని సారు బయటికి వచ్చారు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాని చెక్కపిడితో పడవ అడుగును జానెడు జానెడు చొప్పున తడుతూ పోయారు, డాక్టరు వీపు తట్టినట్టు. గట్టి చెక్క టక్ అంటుంది. పాడైన చెక్క మొద్దుగా, నోరు మూసుకుని మాట్లాడినట్టు పలుకుతుంది. నేను చెవి ఆనించి విన్నాను. అరచేయి ఒక్కటే నమ్ముకున్న నాకు, వస్తువు చెప్పేది వినాలని ఆ వయసులో తెలిసింది. ముక్కు కాక ఇంకొక చోట కూడా మొద్దుగా పలికింది. సరిగ్గా నేను ఫుట్‌బోర్డు అని రాసిన అక్షరాల కింద. ఆ అక్షరాలను నేనే గీకేశాను.

పాడైనదంతా కోసి తీస్తుంటే నాకు ఆయాసం వచ్చింది. ఒక కాయ పట్టేంత అనుకున్న బొక్క, మంచి చెక్క తగిలేసరికి చాటంత అయింది. లోపల చీకటి, కుళ్లిన ఆకుల వాసన. ఎండలో పెట్టాం, రాత్రిళ్లు లోపల బల్బులు వేసి వదిలాం. తడి పూర్తిగా పోయేదాకా సారు కొత్త చెక్క పెట్టనివ్వలేదు. కార్తీకం వచ్చేసింది, ఇంట్లో సామాను అట్టపెట్టెల్లోకి పోతోంది, ఆయన మాత్రం చెక్కను చెంపకు ఆనించుకుని ఇంకా చల్లగా ఉందండీ అనేవారు. తర్వాత కొత్త ముక్కలు అమర్చి, రెజిన్ జిగురు పూసి, ఫైబర్ గుడ్డ పరిచి, గాలిబుడగ లేకుండా నొక్కాం. నా చేతికి పని దొరికింది. పుట్టీ డబ్బా షెడ్డులోకి తేకూడదని నా భార్య హుకుం. ఈసారి రంగు తెలుపు.

ఆడవాళ్లిద్దరూ ఒక షరతు పెట్టారు. పడవకు తాడు కట్టాలి, తాడు కొస గట్టు మీద ఉండాలి. బోరుబావిలో మోటారు దించే నైలాన్ తాడు, ఎంత పొడవు కావాలంటే అంత ఉంది మా ఇంట్లో. సారు ముఖం చిన్నబోయింది. తాడు కట్టిన పడవ పడవేనా అని మెల్లగా అన్నారు. రోకలిబండలను చూసిన తర్వాత ఆ షరతును కాదనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

"నేను పట్టుకుంట తాడు," అంది నా భార్య. తర్వాత నా వైపు తిరిగి, "పుట్టీ పెట్టింది నువ్వు. ఎక్కుడు గూడ నువ్వే ఎక్కు."

ఎక్కాను. లైఫ్ జాకెట్ రెండు వరసలు బిగించుకుని, మనసులో తెలిసిన దేవుళ్లందరినీ పిలిచి ఎక్కాను. పొద్దుటి గాలి కట్ట మీదినుంచి నీళ్లలోకి వీస్తోంది. టీచరమ్మ కుట్టిన గుడ్డ మొదట రెండుసార్లు టపటప కొట్టుకుని, ఒక్కసారిగా నిండింది. ఎవరో వెనకనుంచి నెట్టినట్టు పడవ కదిలింది. ఇంజను లేదు, తెడ్డు లేదు. బస్సుల మధ్య బతికినవాణ్ని, చప్పుడు లేకుండా కదిలేదాన్ని నా జన్మలో ఎక్కలేదు.

కొంతదూరం పోయాక తాడు బిగుసుకుని పడవ ఆగింది. తెరచాప మళ్లీ కొట్టుకుంది. సారు వెనక్కి తిరిగి గట్టు వైపు చూశారు. ఆ తర్వాతే జరిగింది అసలు ప్రమాదం. తాడు వదులైంది. చూస్తే దాని కొస నీళ్లలో పాములా మా వెనకే వస్తోంది. గట్టు మీద ముడి ఊడిపోయింది. అయినా తడబడకుండా, సారూ మీరు చుక్కాని పట్టుకోండి, బరువు సంగతి నేను చూసుకుంటా అన్నాను. పడవ ఒక పక్కకు వాలి పరుగెత్తింది. గట్టు మీద మనుషులు చింతపిక్కలంత అయ్యారు.

ఇందులో కొంత తగ్గించుకోవాలి. నేనేమీ అనలేదు. బరువు ఇటు వేయండి అన్నగారూ అని ఆయనే అంటుంటే, నేను కిందికి వంగి ఆయన జాకెట్ పట్టీని పట్టుకున్నాను. అయితే ఒక్క పని మాత్రం చేశాను. రెండో చేతిని పడవ అడుగున, కొత్త చెక్క వేసిన చోట పెట్టి నిమిరాను. కింద నీళ్లు గలగలమని పోతున్నాయి. చెక్క వణుకుతోంది. నా చేయి పొడిగా ఉంది. మళ్లీ మళ్లీ నిమిరాను, పొడిగానే ఉంది. సారు ఎంతసేపు తిప్పారో తెలియదు. తిరిగి గట్టుకు వచ్చేసరికి ఆయన ముఖం ఎండకు కందిపోయి, చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది. టీచరమ్మ కుర్చీలోంచి లేచి, మోకాళ్ల సంగతి మరిచిపోయి, నీళ్లదాకా నడిచింది.

ఖాళీ చేసే రోజున సామాను బండి వచ్చింది. పడవను మా ఇంటి వెనక షెడ్డులోకి మార్చాం. ఈసారి ముక్కు పైకి పెట్టి. సారు కూతురూ అల్లుడూ అట్టపెట్టెలు ఎక్కిస్తున్నారు. వాళ్లకు ఆ పొద్దుటి సంగతి నేను వివరంగా చెబుతున్నాను. తాడు ముడి ఎట్లా ఊడిందో, ఈత రాని నేను ఎట్లా నిబ్బరంగా ఉండి సారును ఒడ్డుకు చేర్చానో. అల్లుడు పెట్టె కింద పెట్టి మరీ వింటున్నాడు. సారు పక్కకు తిరిగి మూతి తుడుచుకుంటున్నారు. నా భార్య టీచరమ్మ ఊరగాయ జాడీని బండిలో పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏ ముడి ఊడలే. తాడు నేనే ఇడిసిన. సారు ఎనక్కి సూసి ఇడువుమని చెయ్యి ఊపిండు, ఇడిసిపెట్టిన. నువ్వు కండ్లు మూసుకొని పడవల పండుకుంటివి, నీకేమెరుక."